తాత ఓడ, నాయనమ్మ బొట్టు

డెబ్బై ఒకటి యుద్ధంలో పోర్టు పక్కనున్న మా మల్కాపురమంతా దీపాలార్పుకుని కూర్చుంటే, మా నాయనమ్మ ఒక రేకు పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దగ్గర్లోని ఆయిల్ రిఫైనరీ మీద బాంబు పడితే అందరం పరిగెత్తాలి. నగలూ బియ్యం ఏమీ అక్కర్లేదట, ఆ పెట్టె ఒక్కటీ ఉంటే చాలట. అందులో ఉన్నవి తాత కాగితాలు.

తాత రెండో ప్రపంచ యుద్ధంలో నేవీ ఓడ మీద బాయిలర్‌కి బొగ్గు వేసేవాడు. మా నాన్నకి అప్పటికింకా ఊహ తెలియదు. ఓడా రాలేదు, తాతా రాలేదు. ఆచూకీ తెలియలేదని ఒక టెలిగ్రాం మాత్రం వచ్చింది.

"ఆచూకీ తెల్దన్నారు గానీ సచ్చిపోనాడని ఎవులన్నారు?" అనేది నాయనమ్మ. ఆ ఒక్క మాట పట్టుకుని రూపాయంత బొట్టు పెట్టుకునేది. ఆ బొట్టు ఉన్నన్నాళ్ళూ ఇంట్లో తాతకి తద్దినం లేదు. బతికున్నాడనుకునే మనిషికి పిండం పెడతారా? పోర్టులో పనిచేసే నాన్న ఏటా పెద్దల అమావాస్యకి దొంగలా సముద్రపొడ్డుకి వెళ్ళి నువ్వులూ నీళ్ళూ వదిలి వచ్చేవాడు. పోయిన తిథి తెలియనివాళ్ళకి ఆ రోజే గతి. ఎక్కడికెళ్ళావని నాయనమ్మ అడిగితే డ్యూటీ అనేవాడు.

నేను హిస్టరీలో బి.ఏ. పాసై ఉద్యోగం లేక ఇంట్లో కూర్చున్న ఏడాది, నాయనమ్మ ఆ పెట్టె తెచ్చి నా చేతికిచ్చింది.

"ఇంగ్లీసు సదివినావు కదమ్మీ. ఆ ఓడ ఏటయిందో రాసి కనుక్కో. ఏ దేసంలో ఆగిపోనాదో ఏటో."

"మనకెందుకమ్మా, ఒగ్గీ," అన్నాడు నాన్న నాతో చాటుగా. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఈ ఇంట్లో నిజం ఎవరికీ అక్కర్లేదనుకున్నాను.

జీతం ఇంటికి పంపే చీటీ మీద ఓడ పేరూ, తాత నంబరూ ఉన్నాయి. యూనిఫాంలో ఉన్న ఫోటో వెనక కొలంబో స్టూడియో ముద్ర ఉంది. అవన్నీ రాసి, యుద్ధంనాటి ఓడల చరిత్ర చూసే ఢిల్లీ ఆఫీసుకి పంపాను. జవాబు లేదు. పంతం పట్టి మళ్ళీ మళ్ళీ రాశాను. పోస్టుమాన్ వచ్చి వెళ్ళగానే నాయనమ్మ నా మొహం చూసేది. జవాబొచ్చేసరికి నాకు స్టీల్ ప్లాంటు ఆఫీసులో టైపిస్టు ఉద్యోగం కూడా వచ్చింది.

ఒకటే పేజీ. బర్మా తీరం దగ్గర శత్రువులు నీళ్ళలో పెట్టిన బాంబు తగిలి ఓడ మునిగింది. బాయిలర్, ఇంజను గదుల్లో ఉన్నవాళ్ళలో ఒక్కరూ బయటపడలేదు. ఆ కింద తేదీ. అంత పొడిగా టైపు చేసినవాడి మీద నాకు ఒళ్ళు మండిపోయింది.

నాన్న ఎక్కడో పాత పంచాంగం సంపాదించి ఆ తేదీకి తిథి చూసుకున్నాడు. జీవితమంతా ఆయనకి లేనిది అదే. కానీ తద్దినం పెట్టాలంటే ముందు వాళ్ళమ్మ బొట్టు తీయాలి. ఆ మాట ఆవిడకి ఎవరు చెబుతారు? నేను చెప్పలేకపోయాను, నాన్నా చెప్పలేకపోయాడు. ఉత్తరాన్ని పెట్టె అడుగున పెట్టేశాను. ఉత్తరం వచ్చిన రోజు నా మొహం చూసిన నాయనమ్మ, ఆ తర్వాత పోస్టు గురించి అడగడం మానేసింది.

ఒకరోజు పొద్దున్న నాన్న అన్నానికి కూర్చున్నాడు. నాయనమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది. నుదురు ఖాళీగా ఉంది. బొట్టు ఉండే చోట గుండ్రంగా పాలిపోయిన మచ్చ. నాన్న చెయ్యి కంచంలోనే ఉండిపోయింది.

"నా బొట్టు కోసం మీ అయ్యని ఇన్నేళ్ళూ ఆ నీళ్ళల్లో పస్తుంచీసినాను బాబూ," అంది. "ఇంక కూడు పెట్టీ."