సున్నా మార్కుల సీసా

మా అమ్మ చేసిన ఆఖరి వైను మా పెరట్లో అరటి దుబ్బు తాగింది. అందుకు కారణమైన మనిషి మీద కక్ష తీర్చుకోవడానికి నాకు ఏడాది పైనే పట్టింది. ఈలోగా ఆయనకు ఎన్నిసార్లు చేప వేపుడు వడ్డించానో, ఎన్నిసార్లు నవ్వుతూ "ఇంకో ముక్క వేసుకోండి అన్నయ్యగారూ" అన్నానో నాకే తెలుసు. నాకు మరుపు తక్కువ. క్షమించమని గుడిలో ప్రతి ఆదివారం పాస్టరుగారు చెబుతారు, నేను తల వంచుకుని వింటాను, ఇంటికొచ్చి మళ్ళీ మొదలుపెడతాను.

ముందు ఆ సీసా సంగతి చెప్పాలి. మా అమ్మ నర్సుగా చేసి రిటైరై రాజోలులో ఉండేది. ప్రతి క్రిస్మస్‌కి నల్లద్రాక్ష, పంచదార, గుప్పెడు గోధుమలు వేసి జాడీలో వైను పెట్టేది. ఇందులో వింతేం లేదు, మా వాళ్ళలో చాలామంది పెడతారు. అమ్మ మాత్రం ఏటా అందులో ఒక దినుసు దొంగతనంగా వేసేది. ఒక ఏడు దాల్చినచెక్క, ఒక ఏడు నారింజ తొక్క, ఒకసారి ఎండు ఉసిరి. అదేమిటో నేను వాసన చూసి, తాగి, కనిపెట్టాలి. కనిపెట్టాక పదికి ఎన్నో మార్కులు వేయాలి. కనిపెట్టలేకపోతే చచ్చినా చెప్పేది కాదు. "చెప్పేస్తే ఇంక మజా ఏవుందే? మళ్ళీ వాసన చూడు" అనేది. ఉసిరి పట్టుకోవడానికి నాకు మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ మా అమ్మ చిన్నపిల్లలా నా వెనకాలే తిరిగింది.

కరోనా వచ్చిన ఏడు క్రిస్మస్‌కి నన్ను రావద్దంది. ఒంట్లో ఓపిక లేక చిన్న జాడీ పెట్టింది, అందులోంచి ఒకే ఒక్క సీసా తెలిసినవాళ్ళ కారులో అమలాపురం పంపింది. ఫోన్‌లో గట్టిగా చెప్పింది. "నువ్వొక్కదానివీ తియ్యకు. నేనొచ్చేక నా ముందు తియ్యాలి. ఈసారి వేసింది నీ తరం కాదు. నీ మొహం చూడాలి నేను."

ఆమె రాలేదు. వేసవిలో రెండో విడతలో పోయింది. ఆసుపత్రి వాళ్ళు మొహం కూడా సరిగ్గా చూడనివ్వలేదు. సీసాను నేను బియ్యం డబ్బాలో లోతుగా పూడ్చిపెట్టాను. క్రిస్మస్ నాడు తీసి, అమ్మ కుర్చీ ఎదురుగా వేసుకుని, అదేమిటో కనిపెట్టి మార్కులు వేద్దామనుకున్నాను. అదొక్కటే ఆమెకూ నాకూ మధ్య మిగిలిన మాట.

ఇక మా ఆయన స్నేహితులు. మా ఆయన కాలేజీ లెక్చరరు. ఒకాయన ప్లీడరు, ఇంకొకాయనకు మందుల షాపు ఉంది. మూడో ఆయన దుబాయ్‌లో ఒక పెద్ద హోటల్ బారులో చాలాకాలం పనిచేశారు. ఆయన సెలవులో వచ్చినప్పుడల్లా ఆదివారం మధ్యాహ్నం మా పెరట్లో రేకుల షెడ్డు కింద వీళ్ళ సభ. తాగడానికి కాదట, రుచి చూడ్డానికట. యానాం వెళ్ళొచ్చిన వాళ్ళ సంచుల్లోంచి, విమానం దిగిన బంధువుల పెట్టెల్లోంచి రకరకాల సీసాలు వచ్చేవి. లాగరు బీరు, ఏలు బీరు, గోధుమ బీరు, ఎర్ర వైను, తెల్ల వైను. బీరంటే చల్లగా ఉంటే చాలనుకునే మనుషులు ముగ్గురూ ఆయన పుణ్యమా అని పెద్ద బొజ్జ గ్లాసుల్లో ముక్కులు పెట్టి "తడిసిన గడ్డి వాసన", "కాల్చిన రొట్టె వాసన" అనడం నేర్చుకున్నారు. ముక్కుకి మార్కులు, నాలుక్కి మార్కులు, మింగాక నోట్లో ఎంతసేపు ఉందో దానికి మార్కులు. మింగాక ఉండేదాన్ని తోక అనేవారు. "తోక పొడుగేనండి దీనికి" అని ప్లీడరుగారు అంటుంటే నేను వంటింట్లో నవ్వుకునేదాన్ని.

వాళ్ళకో పద్ధతి ఉండేది. పోశాక అందరూ గ్లాసు మీద అరచెయ్యి మూసి పెట్టాలి, వాసన పోకుండా. ముందు దుబాయ్ ఆయన ఒక్కరే చెయ్యి తీసి వాసన చూసి మాట చెబుతారు. తర్వాతే మిగిలినవాళ్ళు చెయ్యి తీయాలి. ఆయన సున్నా అన్నారో, ఇంక ఎవరూ నోట పెట్టకూడదు. అందరూ లేచి గ్లాసులు అరటి దుబ్బులో వంచెయ్యాలి. సున్నా వచ్చిన సరుకు తాగితే నాలుక పాడవుతుందని ఆయన సిద్ధాంతం.

అమ్మ పోయిన ఏడు వర్షాకాలంలో ఆయన దుబాయ్ వదిలేసి పూర్తిగా వచ్చేశారు. వచ్చాక మొదటి ఆదివారం. నేను గుడిలో స్త్రీల సమాజం మీటింగుకి ఉండిపోయాను. ప్లీడరుగారు తేవలసిన సీసా ఏదో రాలేదట. మా ఆయనకు గొప్ప ఆలోచన వచ్చింది. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టారు.

నేను గేటు తీసుకుని పెరట్లోకి వచ్చేసరికి నలుగురూ దుబ్బు దగ్గర నిలబడి ఉన్నారు. మందుల షాపాయన గ్లాసులోంచి ఆఖరి ఎర్రచుక్క కారుతోంది. షెడ్డులో బల్ల మీద అమ్మ సీసా ఖాళీగా ఉంది. నేను గుర్తుపట్టడానికి ఎక్కువసేపు పట్టలేదు. దాని మెడకు అమ్మ కట్టిన గాజుగుడ్డ ముక్క అలాగే ఉంది.

దుబాయ్ ఆయన నన్ను చూసి మర్యాదగానే చెప్పారు. "పెద్దావిణ్ణి అనకూడదు గానీ చెల్లెమ్మా, నీళ్ళేనమ్మా. అసలు వాసనే లేదు. సున్నా ఇచ్చేను, ఏవనుకోకు."

నేను లోపలికెళ్ళి బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికాను. మళ్ళీ షెడ్డులోకొచ్చి సీసా మూతి దగ్గర ముక్కు పెట్టాను. వాళ్ళు అప్పటికే సీసా, గ్లాసులూ సబ్బుతో కడిగేశారు. తర్వాతి బీరు పోసుకోవడానికట. సబ్బు వాసన తప్ప ఏమీ రాలేదు. బయటికెళ్ళి దుబ్బు దగ్గర మట్టి తీసి చూశాను. వానకు తడిసిన పేడ వాసన. ఆ మధ్యాహ్నం ఆ దుబాయ్ ఆయన్ని చంపాలనిపించిందంటే అతిశయోక్తి కాదు, నిజంగానే అనిపించింది.

"కనీసం మీరు వాసన చూశారా?" అని మా ఆయన్ని అడిగాను.

"ఆయన సున్నా అన్నాక ఇంకెందుకే? మా అత్తగారి వైను అని అందరికీ గొప్పగా చెప్పేను. ఆవిడకి పేరొస్తుందనే తీసేను" అన్నారు.

మా ఆయనతో చాలా రోజులు మాట్లాడలేదు. కూరల్లో ఉప్పు కూడా ఆయన అదృష్టాన్ని బట్టే పడేది. కానీ ఆయన మీద కోపం కోపమే, కక్ష కాదు. నా కక్షంతా ఆ "వాసనే లేదు" అన్న మాట మీద. మా అమ్మ వైనుకి తీపి ఎక్కువ అనండి, పులుపు అనండి, పడతాను. వాసన లేదంటే ఎలా? జాడీ మూత తీస్తే వీధి గుమ్మం దాకా వచ్చేది.

సభలు మళ్ళీ సాగాయి. నేను సద్దుకుపోయానని మా ఆయన సంతోషించారు. నేను సద్దుకోలేదు, కాచుకుని ఉన్నాను. ఆ మనిషికి ఎక్కడో ఒక లోటు ఉండకపోదు, అది నా కంట పడకపోదు అని వేపుడు పళ్ళెం పట్టుకుని షెడ్డు చుట్టూ తిరిగేదాన్ని.

మొదట కంటపడింది పద్ధతి మారడం. అమ్మ సీసా పారబోసిన మరుసటి వారం నుంచే ఆయన ముందు చెప్పడం మానేశారు. "నేను ముందు చెప్తే మీరంతా నా మాటే పట్టుకుంటున్నారండి. ముందు మీరు చెప్పండి, ఆఖర్న నేను చెప్తాను" అన్నారు. ఎంత పెద్దమనసో అని ముగ్గురూ మురిసిపోయారు. నేను మాత్రం ఆయన కళ్ళు చూశాను. మిగిలినవాళ్ళు వాసన చూస్తున్నంతసేపూ ఆయన గ్లాసుని చూడరు, వాళ్ళ మొహాల్ని చూస్తారు.

ఆ మరుసటి ఏడు ఒక ఆదివారం పొయ్యి మీద పాలు మాడిపోయాయి. పెరటి చివరి నుంచి ప్లీడరుగారు "ఏదో మాడుతోందండోయ్" అని లేచి వచ్చారు. వంటింటి కిటికీని ఆనుకుని కూర్చున్న దుబాయ్ ఆయన మాత్రం వేరుసెనగలు నములుతూ కదల్లేదు. నా చేతిలో గరిటె ఆగిపోయింది.

మరుసటి వారం చేప కడిగిన చేత్తోనే గ్లాసు తోమి, ఆయనకు మంచినీళ్ళు ఇచ్చాను. మా ప్రాంతంలో చేప తినని మగాడు ఉండడేమో గానీ, నీచు గ్లాసుతో నీళ్ళు తాగే మగాడు అసలే ఉండడు. గ్లాసు విసిరికొట్టి ఇల్లాలిని తిట్టే రకాలే అందరూ. ఆయన గటగటా తాగి "చల్లగా ఉన్నాయమ్మా" అన్నారు.

అప్పుడు అర్థమైంది. ఈయనకు వాసన తెలియదు. దుబాయ్‌లో ఈయనకూ కరోనా వచ్చిందని విన్నాను; అందులో పోయిన వాసన చాలామందికి తిరిగొచ్చింది, ఈయనకు రాలేదు. రాలేదని ఎవరికీ చెప్పలేదు. వాసన లేని ముక్కుతో మా అమ్మ ఆఖరి సీసాకి వాసన లేదని తీర్పు చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, సంతోషంతోనే.

వెంటనే చెప్పెయ్యొచ్చు. మా ఆయనతో అంటే సరిపోయేది. కానీ నాకు అది చాలదు. అదే షెడ్డులో, అదే బల్ల దగ్గర, అదే మనుషుల మధ్య జరగాలి. క్రిస్మస్ ముందు ఆదివారం దాకా ఆగాను.

ఆ రోజు గోధుమ బీరు. చల్లగా పోసి తెస్తానని చెప్పి సీసాలు వంటింట్లోకి తీసుకెళ్ళాను. గోరువెచ్చటి నీళ్ళలో ఇంగువ కరిగించి నాలుగు గ్లాసుల్లోనూ తలా కాస్త వేసి, బీరు పోశాను. వంటిల్లంతా సాంబారు వాసన, షెడ్డు దాకా వెళ్ళినా వంట అనుకుంటారు. గ్లాసుల మీద మూతలుగా సాసర్లు పెట్టి తెచ్చాను. వాళ్ళు అలవాటుగా సాసరు తీస్తూనే అరచేతులు మూశారు.

"అన్నయ్యగారూ, పండగ కదా. ఇవాళ పాత పద్ధతిలో ముందు మీరే చెప్పాలి" అన్నాను.

ఆయన మొహంలో ఏదో కదిలింది. "ఎందుకమ్మా, ఇప్పుడు బానే జరుగుతోంది కదా."

"ఆయ్, చెల్లాయిగారు చెప్పింది నిజమేనండి. పాత పద్ధతే బావుండేది" అన్నారు ప్లీడరుగారు.

ఆయన చెయ్యి తీశారు. మబ్బుగా ఉన్న రంగు చూశారు. ముక్కు పెట్టి కళ్ళు మూసుకున్నారు. "గోధుమ బీరు. కమలా తొక్క తెలుస్తోంది. వెనకాల కొంచెం ధనియాలు. పువ్వుల వాసన కూడా ఉందండి, నెమ్మదిగా వస్తుంది. ముక్కుకి తొమ్మిది."

మిగిలిన ముగ్గురూ చేతులు తీశారు. మందుల షాపాయన గ్లాసు ముక్కు దాకా కూడా తేలేదు. "ఇదేంటండి, ఇంగువ" అన్నారు. మా ఆయన గ్లాసు చూశారు, నన్ను చూశారు. దుబాయ్ ఆయన మాత్రం అలవాటుగా ఒక్కొక్క మొహమే చూసుకుంటూ వచ్చారు. ఈసారి ఆ మొహాల్లో ఆయనకు పనికొచ్చేది ఏమీ లేదు.

"చెల్లాయిగారు తమాషా చేసేరు" అని ప్లీడరుగారు నవ్వబోయారు.

"తమాషా కాదండి" అన్నాను. మాడిన పాలు చెప్పాను, నీచు గ్లాసు చెప్పాను. "ఆ రోజు వాసన లేనిది మా అమ్మ సీసాకి కాదు. మీ ముక్కుకి" అన్నాను. ఆయన గ్లాసు నేనే తీసుకుని వెళ్ళి అరటి దుబ్బులో వంచేసి వచ్చాను. "మీకు సున్నా" అన్నాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఏడాదిగా గుండెల మీద ఉన్న బరువు దిగినట్టయింది.

ఆయన నేలకేసి చూస్తూ చెప్పారు. "అక్కడుండగానే పోయిందమ్మా. హోటల్లో కనిపెట్టేసి పంపించేసేరు. ఆ రోజు మీ అమ్మగారిది ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏమీ తెలీలేదు. తెలిసిన సరుకైతే జ్ఞాపకంతో చెప్పేద్దును. ఇంట్లో చేసింది, ఏం చెప్పాలో తోచలేదు. సున్నా అంటే ఇంకెవరూ తాగరు, ఎవరూ అడగరని అనేసేను."

జాలి రాబోయింది. రానివ్వలేదు. ఇంకా కావాలనిపించింది, ఇంకా తల వంచుకోవాలనిపించింది.

ఆయన తల ఎత్తారు. వెటకారం లేదు, దెప్పడం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగారు. "ఆ రోజు నుంచీ అనుకుంటూనే ఉన్నానమ్మా. మీ అమ్మగారి వైనుకి ఏం వాసన వచ్చింది?"

ప్లీడరుగారు మందుల షాపాయన వంక చూశారు. ఆయన మా ఆయన వంక చూశారు. మా ఆయన తల దించుకున్నారు. ఆ రోజు దుబ్బులో వంచేదాకా అరచేతులు ఎవరూ తీయలేదు. ఇక అందరూ నా వంకే చూశారు.

చెప్పడానికి నోరు తెరిచాను. ఈసారి వేసింది నీ తరం కాదే అన్న అమ్మ మాట ఒక్కటే వినిపించింది. గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వచ్చేశాను. ఆయన అడిగిందానికి జవాబు తెలిసింది ఆ అరటి దుబ్బు ఒక్కదానికే.