వాక్కాయ కంచెకి ప్రభ తగిలిన ఏడు

వాక్కాయకి పాలుంటాయంటే ఇప్పటికీ నమ్మనివాళ్ళున్నారు. కాయ తుంచి చూడమంటాను. తొడిమ దగ్గర తెల్లగా ఊరి వేళ్ళకి జిగురులా పట్టుకుంటాయి. అది గన్నేరుకి చుట్టం. గన్నేరు మనిషి ప్రాణం తీస్తుంది, ఇది పప్పులో పడి ఇంకో ముద్ద ఎక్కువ తినిపిస్తుంది. ఈ సంగతి నాకు ఏ మేష్టారూ చెప్పలేదు. నా బడి ఐదో తరగతితో అయిపోయింది. అమలాపురంలో పాత కాయితాల కొట్లో దొరికిన మొక్కల పుస్తకాలు తెచ్చుకుని, చెట్టు పక్కన కూర్చుని చదువుకున్నాను. చదివిందానికన్నా కూర్చుని చూసిందే ఎక్కువ. బేకరీలో కేకు మీద ఎర్రగా కూర్చునే చెర్రీ చాలాచోట్ల మన వాక్కాయేననీ, రంగేసి పాకంలో ఊరబెడతారనీ చెప్తే నన్ను వింతగా చూసేవాళ్ళు. చూడనీ. చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది.

మా కొబ్బరితోట చుట్టూ వాక్కాయ కంచె మా నాన్నగారు వేసేరు. తొంభైల్లో తోట పంచుకున్నప్పుడు పుంత వైపు భాగం, బళ్ళు నడిచే దారి వైపుది, మా తమ్ముడికి వెళ్ళింది. కాలవ గట్టు వైపు భాగం నాకొచ్చింది. గట్టు వైపు కంచె ఏటా గుత్తులు గుత్తులుగా కాసేది. పుంత వైపు కంచె ఒక్క కాయ కాసేది కాదు. చెట్టూ అదే, మట్టీ అదే. ఊళ్ళో అందరూ దాన్ని గొడ్డు కంచె అనేవారు.

ఓ ఏడు ధనుర్మాసంలో మా తమ్ముడు అరుగు మీదకొచ్చి కూర్చున్నాడు.

"అన్నయ్యా, ఈ ఎండాకాలం ఆ గొడ్డు కంచె పీకించేసి ప్రహరీ కట్టేస్తాను. ఓడలరేవు వైపు చెరువులు తవ్వుతున్న పొక్లెయిన్ వాడికి చెప్పేను. అటు పని అయ్యేక ఇటు తెస్తానన్నాడు."

"అది గొడ్డు కాదురా. దాన్ని మనమే గొడ్డు చేస్తున్నాం."

"అదెలాగ?"

ఎలాగో చెప్పేను. వాక్కాయ పువ్వు కొమ్మ మధ్యలో పూయదు. వానలకి సాగిన లేతకొమ్మ చివర, చిట్టచివర, గుత్తిగా పూస్తుంది. మొగ్గ చూస్తే ముడిచిన గొడుగులా రేకులు మెలితిరిగి ఉంటాయి. విచ్చుకుంటే అయిదు రేకుల తెల్లపువ్వు, కింద గొట్టం కాస్త ఎరుపు, మల్లెకి దగ్గర వాసన. పూసేక ఆ కొస అక్కడితో ఆగిపోతుంది. కింది కణుపులోంచి రెండు పక్కలా రెండు కొమ్మలు లేస్తాయి. మళ్ళీ వాటి చివర పువ్వు. ఆ కొస నరికేస్తే ఆ ఏటికి పువ్వు లేనట్టే. మరి మనం కొట్టేదెప్పుడు? సరిగ్గా కనుమకి ముందు.

కనుమనాడు మా ఊరి ప్రభ ఆ పుంతలోంచే తీర్థానికి వెళ్తుంది. వెదురుగడలతో ఎత్తుగా కట్టి, రంగు గుడ్డలు చుట్టి, మధ్యలో స్వామిని నిలబెట్టి, భుజాల మీద మోసుకెళ్తారు. మోసేవాళ్ళకి ముళ్ళు గీరుకోకూడదని ముందురోజు కత్తులు తీసుకుని కంచె నున్నగా గొరిగేస్తారు. మా తాతల నాటి నుంచీ అంతే. పువ్వు రావడానికి నెల ముందు తల తీసేసి, పిల్లల్లేరని దెప్పడం.

మా తమ్ముడు అంతా విని, "పువ్వెక్కడ పూయాలో చెట్టుకి తెలుసులే అన్నయ్యా, నీ పుస్తకం చూసి పూయదు" అన్నాడు.

"చెట్టుకి తెలుసురా. నీ కత్తికే తెలీదు."

ఒక్క ఏడాది కొట్టకుండా ఉంచమని బతిమాలేను. కాయకపోతే పొక్లెయిన్‌కి నేనే ఎదురెళ్ళి తీసుకొస్తానన్నాను. ఆ కంచె మీద నాకంత పట్టుదల ఎందుకో వాడికి అర్థం కాలేదు. నాన్నగారు నాటిన చెట్టు చావడం ఒక బాధ. చెయ్యని తప్పు మీద వేసుకుని చావడం ఇంకో బాధ. రెండోదే నాకు నిద్ర పట్టనిచ్చేది కాదు.

చివరికి వాడు ఒప్పుకున్నాడు. కానీ ప్రభ నడిపించే పెద్దమనిషి కూడా ఒప్పుకోవాలి. ఆయన దగ్గరికెళ్ళేను.

"కొట్టకపోతే ముళ్ళు గుచ్చుకునేది ఎవరికండీ? మీకా?"

"కొమ్మలన్నీ వెనక్కి వంచి కొబ్బరితాడుతో కట్టేస్తానండి. ఒక్కళ్ళకి గీసుకున్నా పై ఏడు నేనే కత్తి పట్టుకొస్తాను."

"ఆయ్. చేతులు మీవి, మాకేంటి!" అన్నాడాయన నవ్వుతూ.

వాక్కాయ ముల్లంటే మామూలు ముల్లు కాదు. అది మొండిగా ముల్లయిపోయిన కొమ్మ. కణుపు దగ్గర జంటగా నిలబడుతుంది, ఒక్కోటి చివర మళ్ళీ చీలుతుంది. గుచ్చుకుంటే లోపల విరుగుతుంది. భోగినాడు పొద్దున్నించి సాయంత్రం దాకా కట్టేను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఏవండీ, పందిరి బాగానే వేస్తున్నారు, పెళ్ళెవరికి?" అంది. తర్వాత ఆవిడే నా మోచేతులకి పసుపూ నూనే రాసింది. రాస్తున్నంతసేపూ తిట్టింది.

కనుమనాడు ప్రభ వచ్చింది. డప్పులు, "అశ్శరభ శరభ" అని కేకలు. సగం కంచె దాటేదాకా అంతా బాగానే ఉంది. అక్కడ నేను కట్టిన ముడి ఒకటి జారింది. కొమ్మ విసురుగా ముందుకొచ్చి ప్రభ గుడ్డకి తగులుకుంది. ప్రభ ఆగిపోయింది. డప్పులు ఆగిపోయేయి. పెద్దమనిషి నావైపు చూసేడు. నా తమ్ముడు కూడా చూసేడు. కంచె పని అయిపోయిందనుకున్నాను. ఎవరో ముల్లు తప్పించేరు. చిన్న ఎర్రగుడ్డ పేలిక కొమ్మకే ఉండిపోయింది. ప్రభ కదిలి వెళ్ళిపోయింది. నేను ఆ ముడి మళ్ళీ బిగించి కట్టేను.

ఫాల్గుణంలో కంచె తెల్లబడింది. పుంత పొడుగునా వాసన. ఆ తర్వాత పిందెలు, ఆకుపచ్చ మీద గులాబీ రంగు పూసినట్టు. పొక్లెయిన్ వైశాఖంలో వచ్చింది. నేను కొమ్మలు చూపించడానికి పరిగెత్తేసరికి మా తమ్ముడు అప్పటికే దానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"వెనక్కి తిప్పవయ్యా. స్వామి ముట్టుకున్న కంచె ఇది. గొడ్డుదాన్ని కాయించేడు."

నా చెవుల్ని నేను నమ్మలేదు. "స్వామేంట్రా! కొసలు కొట్టలేదు కాబట్టి కాసింది. ఇదిగో, చూడు, ఈ చివర చూడు!" అని కొమ్మ వంచేను. వాడు "ఆయ్, ఆయ్" అని ఆ కొమ్మని కళ్ళకద్దుకున్నాడు.

పెద్దమనిషీ అదే మాట. "ప్రభ అక్కడ ఊరికే ఆగలేదండీ. ఇహ కనుమకి ఆ కంచె మీద కత్తి పెట్టం. ఏటా కట్టుకుందాం, మేమూ వస్తాం." ఆడవాళ్ళు చెట్ల మొదళ్ళకి పసుపు రాసేరు, బొట్లు పెట్టేరు. రోజంతా కట్టింది నేను. గీసుకుపోయింది నా చేతులు. పేరు మాత్రం జారిన ముడికి!

రెండు రోజులు ఊరంతా తిరిగి కేకలేసేను. మూడోనాడు మా ఆవిడ, "ఔనని ఊరుకోండి. కాదని నెగ్గితే మళ్ళీ కత్తులే కదా తెస్తారు" అంది. అది నిజం. మరదలు గిన్నెతో వచ్చి "బావగారూ, స్వామి కాయలతో పప్పండి" అంటే తిన్నాను. బాగుంది. ఏం చెయ్యను?

ఆ భాద్రపదంలో కాయలైపోయేక అసలు చిక్కొచ్చింది. అప్పుడు కొడితేనే వానలకి కొత్తకొమ్మలు సాగి పైఏటికి పూస్తాయి. నేను కత్తి ఎత్తేసరికి మా తమ్ముడు గొడుగేసుకుని పరిగెత్తుకొచ్చేడు.

"స్వామి ముట్టుకున్న కొమ్మకి కత్తేంటన్నయ్యా!"

కణుపులూ కొసలూ మళ్ళీ మొదలెట్టడానికి నోరు తెరిచేను. ఓపిక లేదు.

"కల్లోకొచ్చి ఆయనే చెప్పేడురా. వానల్లో కొట్టమని."

"ఆ మాట ముందే చెప్పొచ్చు కదా!" అని గొడుగు నా చేతిలో పెట్టి కత్తి తీసుకున్నాడు.

నేను గట్టు మీద కూర్చున్నాను. కాయ కాసిన కొస కింద రెండు కణుపులు వదిలి కొట్టమన్నాను.

"అలాగని స్వామే చెప్పేడా?"

"ఆయ్" అన్నాను.