రాకాసి గుళ్ళకు సున్నం

నాచారంల మా ఇంటెనుక, ఫ్యాక్టరీ గోడ దాటినంక, పాత బొందలున్నయి. ఎవ్వలియో ఏమో, ఎన్ని వేల ఏండ్లయో! మోకాలెత్తు గుండ్లు గుండ్రంగ పేర్చి, నడుమ మన్ను పోసి ఉంటయి. మావోళ్ళు రాకాసి గుళ్ళంటరు. రాకాసులు లేరు, ఏం లేరు. ఆడ మా అన్న ఉన్నడు.

నాకంటె ముందు పుట్టి, పురిట్లనే పోయిండు. పసిగుడ్డుకు మాతాన సమాధి కట్టరు, గుర్తు పెట్టరు. నాయిన తీస్కపోయి, ఒక పక్కకు ఒరిగిన గుండు కాడ పెట్టి వచ్చిండు. అమ్మకు గా గుండే గుర్తు. పెత్రమాసకు అందరు పెద్దలకు బియ్యమిస్తే, అమ్మ ఆడ గిన్నెల పాలు పెట్టొచ్చేది. నాయిన పోయినంక గా జాగ ఎరిగింది అమ్మొక్కతే.

పోయినేడు ఆడ ప్లాట్లు చేస్తున్నరని తెలిసింది. అమ్మ అన్నం ముట్టలే. గప్పుడే మా ఆయన, పోచారంల కంప్యూటర్ కొలువు, ఆఫీసు పనిమీద కొరియా పోయొచ్చి ఫొటోలు చూపిండు. ఊరి నడుమ గుట్టలంత పాత సమాధులు, పచ్చగ కోసిన గడ్డి. ఎవ్వల్ని ముట్టనియ్యరంట.

"ఎవ్వలియి బిడ్డా అవి?" అన్నది అమ్మ.

"రాజులయంట అత్తమ్మా."

"మావోడు రాజు కాకపాయె" అన్నది.

నాకు ఒళ్ళు మండింది. మనయి పాతయి కావా? దఫ్తర్ల చుట్టు చెప్పులరిగేటట్టు తిరిగిన. ఆఖరికి పాత కట్టడాల ఆఫీసుల ఒక సారు, "వచ్చి చూస్తనమ్మా, నిజంగ పాతదైతే కాపాడొచ్చు" అన్నడు.

గా ముచ్చటిన్నంక అమ్మకు కాలు నిలువలే. ఇంటికి సుట్టమొస్తుంటే అలుకుతం గద, గట్లనే అనుకున్నది. నేనిటు డ్యూటీకి పోంగనే అటు మేస్త్రీని పిలిచింది. కంపలు కొట్టిచ్చింది. పడ్డ గుండ్లు, ఒరిగిన గుండ్లు అన్ని గడ్డపారలతోని లేపి, జరిపి, వరుసగ నిలబెట్టి సిమెంటు పోయించింది. సున్నమేయించి ఎర్ర జాజు పట్టీలు గీయించింది. పొద్దుమీకి వచ్చి చూస్తే పోచమ్మ గుడి లెక్క మెరుస్తున్నది.

"ఎట్లున్నదే?" అని మురిసింది.

తెల్లారి సారు వచ్చి చుట్టు తిరిగిండు. బూటుతోని సిమెంటును తట్టి చూసిండు. "రాళ్ళు కదిలిచ్చినంక ఇంకేమున్నదమ్మా? పాతదని నేనెట్ల చెప్పాలె?" అన్నడు. మంచోడే పాపం, మొఖం చిన్నగ చేసుకొని, అమ్మ ఇచ్చిన చాయ్ తాగి పోయిండు.

"గీ సోకులు నిన్నెవ్వలు చేయమన్నరే!" అని ఒర్రిన. అమ్మ నాదిక్కు చూడలే. గుండ్ల చుట్టు తిరుగుతున్నది. ఒక్కోదాని మీద చెయ్యేస్తది, ఆగుతది, కాదని ఇంకోదాని కాడికి పోతది. అన్ని ఒక్కతీరుగ నిలబడ్డయి, అన్ని తెల్లగున్నయి.

"ఒరిగిన గుండు ఏదే బిడ్డా?" అన్నది.

నాకేమెరుక! ఎరికున్న నాయిన లేకపాయె. ఈ పెత్రమాసకు అమ్మ పాలగిన్నె పట్టుకొని దర్వాజ దాక వచ్చింది. జర సేపు నిలబడి లోపటికే మళ్ళింది. ప్లాట్లోళ్ళ జేసీబీ ఇంక రానేలేదు.