సొంత టికెట్టుతో వెళ్లిన వీరభద్రంగారు

దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరుకుతోటలకు కూలీలుగా ఓడలెక్కిన తెలుగువారి మునిమనుమలు నేడు అక్కడ న్యాయవాదులై, వైద్యులై వర్ధిల్లుతుండగా, డెట్రాయిట్ కార్ల కర్మాగారాలు వెలగడం, కుంగడం, మళ్లీ తేరుకోవడం కళ్లారా చూసి అమెరికాలో ఆ పక్కనే విశ్రాంత జీవనం గడుపుతున్న నోవై ఊరి నివాసి దక్షిణామూర్తిగారు, 1891లో సొంత టికెట్టు కొనుక్కొని ఆ నేటాల్‌కే వర్తకానికి వెళ్లి తిరిగిరాని తన ముత్తాతగారి తమ్ముడు వీరభద్రంగారి ఆచూకీ కోసం మూడేండ్లుగా కాగితాలతో కుస్తీ పడుతున్నారు.

కూలీలకు జాబితాలున్నాయి. తండ్రి పేరు, ఊరు, ఎత్తు, నుదుటిమీది మచ్చ సహా రాసిపెట్టారు. స్వేచ్ఛగా వెళ్లినవాణ్ణి ఎవరూ కొలవలేదు, రాయలేదు. "కూలీగా వెళ్లినా బాగుండేది!" అని ఆయన ఒకనాడు విసుక్కొని, ఆ మాటకు తానే చెంపలు వేసుకొన్నారు.

వీరభద్రంగారి వంశం నిలిచిందా లేదా అన్నదే ఆయన బాధ. నిలవకపోతే మహాలయ పక్షంలో నువ్వులూ నీళ్లూ వదలవలసిన జ్ఞాతి తానే. రెండేండ్ల క్రితం అక్కడి ఒక ఆలయ రిజిస్టరులో, తమ ఇంటిపేరుతో సహా ఒక పంక్తి దొరికింది: "వీరభద్రం, అవివాహితుడు, మరణం 1948." నాటినుంచి గోత్రనామాలు చెప్పి తర్పణం విడుస్తున్నారు.

ఈసారి అమావాస్యకు ముందురోజు, ఆలయంవారు ఆ వీరభద్రం సమాధిరాయి శుభ్రం చేయించి ఫొటో పంపారు. మనుమరాలు ఇషా దాన్ని ఫోన్‌లో పెద్దది చేసింది.

"తాతయ్యా, ఏజ్ ట్వెంటీ ఎయిట్ అని ఉంది. పుట్టకముందే షిప్ ఎక్కాడా?"

"సరిగ్గా చూడు, సెవెంటీ ఎయిట్ అయ్యుంటుంది."

"నో, టూ. క్లియర్‌గా ఉంది."

ఆయన కళ్లజోడు బల్లమీద పడేశారు. "రెండేళ్లు! ఎవడినో పట్టుకుని వేలాడాను!"

భార్య ప్రమోద వంటగదిలోంచి తొంగిచూసింది. "ఎవడో ఏమిటండీ? మీది మీ తాతగారి పేరు కాదూ? మన అబ్బాయి శంకర్‌కి మీ నాన్నగారి పేరు పెట్టలేదూ? ఇతను ఆ పెద్దాయన మనవడు!"

"సో, పెద్దాయనకి పెళ్లయింది! కిడ్స్ కూడా!" అంది ఇషా.

తన పేరులోనే ఉన్న ఆచారం తనకు తట్టనందుకు ఆయనకు తలకొట్టేసినట్టయింది. "అయితే ఆయనెప్పుడు పోయారు? కొడుకులెవరు? మళ్లీ మొదటికొచ్చాం. రేపు ఎవరికని వదలను? ఆయనకి వంశముందిగా!"

"ఈ అబ్బాయికి లేదుగా," అంది ప్రమోద, నువ్వుల డబ్బా వెతుకుతూ.

 మరునాడు ఆయన పెరటిలో దక్షిణముఖంగా కూర్చొని, ఇరవైయెనిమిదేండ్లకే పోయిన ఆ చిన్న వీరభద్రానికి, ఈసారి ఎవరో తెలిసి, తిలోదకం విడిచారు. మనస్సు మాత్రం కుదుటపడలేదు. చేతులు తుడుచుకొని, పెద్దాయన కొడుకుల పేర్లడుగుతూ ఆలయానికి మళ్లీ ఉత్తరం టైపు చేయసాగారు.

ఆ జ్ఞాతుల జాడ ఆయనకు త్వరలోనే అందుగాక! పితృదేవతలు ప్రసన్నులై ప్రమోదమ్మకు దీర్ఘసౌమంగళ్యాన్ని, శంకర్‌కూ ఇషాకూ ఆయురారోగ్యాలను, ఆ ఇంటికి అన్నోదక సమృద్ధిని అనుగ్రహింతురుగాక!