సరిహద్దు దాటిన పెళ్ళిచూపులు

కెనడాలో, వాటర్లూలో గడిపిన ఆ చలికాలాన్ని తలుచుకుంటే ముందు రైలు కిటికీ అద్దమే కనిపిస్తుంది. అద్దం మీద ఆవిరి, ఆవిరి అవతల మంచు, మంచులో కరిగిపోతున్నట్టుండే దీపాలు. బోగీ నిండా మన దేశపు పిల్లలే. కాలేజీకో పార్ట్‌టైమ్‌కో వెళ్తూ సగం నిద్రలో ఊగేవారు. నేనూ వాళ్ళలో ఒకదాన్నే, కాకపోతే సీటుకి ఆనుకునేదాన్ని కాదు. మా తాత నాటికి భూములు పోయాయి, నాన్న నాటికి మేడ పోయింది. వెన్ను నిటారుగా పెట్టి కూర్చోవడం, ఎదుటివాళ్ళు మారు మాట్లాడకుండా మాట్లాడటం మాత్రం నా దాకా వచ్చాయి. కాఫీ షాపులో బల్లలు తుడిచేటప్పుడు కూడా నేను వంగనని మా మేనేజరు నవ్వేది.

ఒక మధ్యాహ్నం రైల్లో ఉండగా నా స్నేహితురాలు ఫోన్ చేసింది. ఇంజినీరింగ్‌లో నాతో హాస్టల్ గది పంచుకున్న పిల్ల. అమెరికాలో, దక్షిణాన ఒక రాష్ట్రంలో ఎమ్మెస్ చేస్తోంది.

"నెల తప్పింది. ఉంచుకోలేను," అంది. "అతని సంగతి అడక్కు," అంది.

అడగలేదు.

వాళ్ళ రాష్ట్రంలో గర్భం తీయించుకోవడం కుదరదు. ఆ చట్టాన్ని కాపలా కాసే పని జనానికి అప్పగించారు. తీయించుకున్న మనిషిని ఏమీ అనరు గానీ, సాయపడినవాళ్ళ మీద ఎవరైనా దావా వేయవచ్చు, ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా. ఇంకో రాష్ట్రానికి కారులో తీసుకెళ్తే అది కూడా సాయం కింద లెక్కేనా అన్నది వాళ్ళ అపార్ట్‌మెంట్‌లో ఎవరికీ తెలియదు. ఆ తెలియకపోవడమే అక్కడ పోలీసు పని చేసేది. టీవీలో ఆ వార్త వస్తుంటే, ఆమె రూమ్‌మేట్లలో కారున్న కర్నూలు అబ్బాయి, "మనకెందుకప్పా, కేసు పడితే వీసా పోతాది," అన్నాడట. అది విన్నాక ఆమె నోరు తెరవలేదు.

నేనున్న ఊళ్ళో దీన్ని అడ్డుకునే చట్టమంటూ లేదు. ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకుంటే చాలు. కానీ ఆమె పాస్‌పోర్టు రెన్యువల్‌కి వెళ్ళింది. అది లేకుండా కెనడా లేదు, విమానమూ లేదు. వేరే రాష్ట్రంలో ఆమెకు అందే దూరంలో ఉన్న క్లినిక్కు వెళ్ళాలంటే రోజంతా కారులో పోవాలి. ఆమెకి డ్రైవింగ్ రాదు. ఇంకా ఆలస్యమైతే అక్కడా కుదరదన్నారు.

"తెలిసి తీసుకెళ్తేనే కదా వాళ్ళకి భయం. తెలియకుండా తీసుకెళ్తే?" అన్నాను.

"ఏం చెప్పి తీసుకెళ్ళమంటావే?"

కిటికీ బయట మంచు ఏ ధ్యాసా లేకుండా పడుతోంది. మన పిల్లలు సెలవు పెట్టి మరీ సంతోషంగా కారు తీసే పని ఏముంటుందా అని ఆలోచించాను.

"పెళ్ళిచూపులు," అన్నాను.

ఆమె నవ్వింది.

మర్నాడు నేను లేని తమ్ముడికి అక్కనయ్యాను. మా ఇల్లు ఆ క్లినిక్కున్న ఊళ్ళోనే అని చెప్పాం. నా స్నేహితురాలు ఫోన్ స్పీకర్లో పెట్టింది. ఆమెతో ఉండే వరంగల్ అమ్మాయి ముందుగా అందుకుంది.

"మేడమ్, అబ్బాయికి హెచ్ వన్ వీసా ఉన్నదా?"

"మాకు పిల్లనిచ్చేవాళ్ళు ఆ ప్రశ్న అడగరమ్మా."

"మరేం అడుగుతరు?"

"ఎప్పుడు రమ్మంటారని అడుగుతారు."

ఎవరో కిసుక్కున నవ్వారు. కర్నూలు అబ్బాయి గొంతు సవరించుకున్నాడు. "నేను డ్రైవ్ చేస్తా మేడమ్. మా చెల్లెలి మాదిరి. భోజనాలు మీ ఇంట్లోనేనా?"

"మా వైపు మొదట అమ్మాయి ఒక్కతే వస్తుంది. మాల్ దగ్గర దింపండి, మా కారు వస్తుంది."

"ఇదేం పద్ధతి మేడమ్? ఎక్కడా వినలే," అంది వరంగల్ అమ్మాయి.

"విన్నావుగా ఇప్పుడు."

ఆ గొంతు మా నాయనమ్మది. ఎన్నాళ్ళుగానో పనిలేక పడి ఉన్న గొంతు. ఆ ఇద్దరినీ ఏమీ తెలియకుండా ఉంచడమే వాళ్ళకి నేను చేయగల మేలని నాకు నేను చెప్పుకున్నాను.

వాళ్ళు బయలుదేరిన రోజు నేను పని మానేసి రైలెక్కాను. ఫోన్‌లో ఆమె ఉన్న చోటు నీలం చుక్కగా కదులుతోంది. పక్క ఊరు కిచెనర్ చివరి దాకా వెళ్ళి, దిగకుండా వెనక్కి వచ్చి, మళ్ళీ వెళ్ళాను. వెచ్చటి బోగీలో కళ్ళు మూతలు పడుతున్నాయి. నేను కూడా ఆ కారులోనే ఉన్నట్టనిపించింది. వరంగల్ అమ్మాయి కట్టించిన పట్టుచీర గరగర, ముందు సీట్లో ఎవరో పాట మారుస్తున్న చప్పుడు, ఇరువైపులా ఎండిన పొలాలు. రాష్ట్రాల మధ్య గీత మ్యాపులో నల్లగా ఉంది. నేల మీద బహుశా ఒక బోర్డు, కాస్త గడ్డి ఉండి ఉంటాయి. చుక్క దాని మీదుగా ఏమీ జరగనట్టు జారిపోయింది.

మాల్ దగ్గర మా కారు పేరుతో ఆమె పిలిపించుకున్న టాక్సీ వచ్చి క్లినిక్కుకి తీసుకెళ్ళింది. "లోపలికి పిలిచారు" అని ఆమె మెసేజ్ పెట్టింది. ఆ తర్వాత చాలాసేపటికి, "అయిపోయింది. నర్సు చీర బాగుందంది," అని పెట్టింది. రైల్లో అంతమంది మధ్య నేను మొదటిసారి సీటుకి ఆనుకున్నాను.

వాళ్ళు ఇల్లు చేరాక వరంగల్ అమ్మాయి నాకు ఫోన్ చేసింది.

"మేడమ్, మీ జవాబేంది? ఆమె ఏం చెప్తలేదు. రాంగనే పండుకున్నది."

జవాబు సంగతి నేను ముందుగా ఆలోచించలేదు. మాకు నచ్చలేదంటే, పిల్లని ఎవరో కాదన్నారన్న మాట ఆ అపార్ట్‌మెంట్‌లో ఉండిపోతుంది. రేపు ఆమె దిగులుగా కూర్చున్నప్పుడల్లా అదే కారణమనుకుంటారు. మా వంశంలో సంబంధం కాదనిపించుకున్నవాళ్ళు లేరని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"మీ అమ్మాయే మమ్మల్ని వద్దంది," అన్నాను.

ఆ అమ్మాయి ఫోన్ పక్కకి పెట్టి ఎవరికో, "మనోళ్ళే వద్దన్నరంట!" అని అరిచింది. కర్నూలు అబ్బాయి ఈల వేశాడు.

"ఏమనుకోకుండ్రి మేడమ్," అంది మళ్ళీ నాతో, నవ్వు ఆపుకోలేక. "మీరు జర ఎక్కువ చేసిన్రు."

"అవునమ్మా," అన్నాను. "నిద్రపోతోందా?"

"మంచిగ పండుకున్నది. దుప్పటి కప్పిన."