మామ పొడుగ్గా నేసిన చీర

ఈ రోజు మా చీరల కొట్టుకి సరుకు తెచ్చుకుందామని తిరుత్తణి పోయాను. అక్కడ మా మేనమామ మగ్గం నేస్తాడు. చీరలు కొలుస్తుంటే ఒకటి మిగతావాటికంటే బాగా పొడుగు తేలింది.

"ఏం మామా, కొలత తప్పినావా?" అని నవ్వాను.

ఆయన వంటింటి వైపు చూసి గొంతు తగ్గించాడు. "అది అమ్మేది కాదురా, మీ అత్తకి. కుచ్చిళ్ళకి చీర చాల్లేదని చుట్టాలింట్లో కల్యాణానికి కూడా రానంటా ఉండాది."

అత్త ఈ మధ్య బాగా బరువు పెరిగింది. మోకాళ్ళ నొప్పులు కూడా. "కొంచెం తగ్గమని చెప్పొచ్చు కదా మామా?" అన్నాను.

"లావైనావని చెప్పేదానికి ఊరంతా ఉండారు కదరా. నేను కూడా ఎందుకు?"

నేను ఆ చీరని మడిచి పక్కన పెట్టాను.

ఆయన స్నానానికి పోగానే అత్త కాఫీ తెచ్చింది. ఆ చీరను నిమురుతూ నవ్వింది. "నాకు తెల్దనుకుంటా ఉండాడు ఈ మనిషి. కండెలకి నూలు చుట్టేది నేనే కదరా. ఒక్క చీరకి అన్ని కండెలు ఎందుకు అడిగినాడో తెల్దా?"

"మరి అడగలేదా అత్తా?"

"అడిగితే పాపం సిగ్గుపడతాడు. కల్యాణానికి ఇదే కట్టుకుంటా. రేపట్నుంచి పొద్దున్నే ఆయనతో నడిచేదానికి పోతా. ఎందుకని మాత్రం నువ్వు ఆయనకి చెప్పొద్దురా."

బస్సులో మా ఊరు తిరువళ్ళూరు వచ్చేదాకా వాళ్ళిద్దరే కళ్ళముందు ఉన్నారు. ఇంత నాజూగ్గా కూడా చూసుకోవచ్చా మనిషిని మనిషి!

మీ ఇళ్ళల్లో ఈ బరువు సంగతి ఎలా చెప్పుకుంటారు? రాయండి. మామకి తమిళం చదవడమే వచ్చు, తెలుగు చదవడం రాదు కాబట్టే ధైర్యంగా పోస్ట్ పెడుతున్నా. దయచేసి ఎవరూ ఆయనకి చదివి వినిపించకండి!