మిరపకాయ లేని ఉగ్గాని

శుక్రవారం. నీళ్లు పట్టడం అయింది. ఇడ్లీకి నానబోయడం అయింది. పొద్దున వేసుకునే మాత్ర అయింది. మిద్దె మీద దుప్పట్లు ఆరేస్తుంటే మసీదు మైకులో ఒక చావు వార్త చెప్పారు. ఫలానా ఆయన తల్లి అన్నారు తప్ప ఆమె పేరు చెప్పలేదు. ఆ ఆయన ఎవరో నాకు తట్టలేదు. పాపం ఎవరో అనుకుని ఇంకో దుప్పటి దులిపాను. మా ఎర్రగుంట్లలో ఉతికిన బట్టల మీద కూడా సిమెంటు దుమ్ము వాలుతుంది. ఆ దుమ్ములోంచి కిందికి చూస్తే పక్కింటి వాకిట్లో చెప్పులు ఒక్కొక్క జతే చేరుతున్నాయి. అప్పుడు అర్థమైంది, ఆ ఫలానా ఆయన మా పక్కింటాయన అని. పోయింది మా అత్త.

చుట్టరికం ఏమీ లేదు. వాళ్లు ముస్లింలు, మేం కాదు. రెండిళ్లకూ గోడ ఒకటే కాబట్టి నాకు ఆమె అత్త, ఆమెకు నేను పాప. పాత చీరలతో బొంతలు కుట్టేది. కుట్టేటప్పుడు తనలో తాను మాట్లాడుకునేది. ఎవరితో అత్తా అంటే, "ఈ చీర కట్టుకున్నామెతో" అనేది.

రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయ్యాక నాకు రోజుకో హార్మోన్ మాత్ర రాశారు. జబ్బు తిరిగి రాకుండా కొన్నేళ్లు వాడాలన్నారు. ఒంట్లో ఆవిర్లను, నిద్ర పట్టకపోవడాన్ని ఓర్చుకున్నాను. మతిమరుపుకే భయపడ్డాను. నెల సామాను మొత్తం కాగితం లేకుండా చెప్పగలిగిన దాన్ని, చేతిలో ఉన్న వస్తువు పేరు గుర్తురాక నిలబడిపోయేదాన్ని. ఎవరో నా తలలోకి వచ్చి, చప్పుడు చేయకుండా ఒక్కొక్క సామానే మోసుకుపోతున్నట్టు ఉండేది.

మొదట కనిపెట్టింది అత్తే. ఒకరోజు గోడ మీదుగా జల్లెడ అడగబోతే మాట రాలేదు.

"అత్తా, అదియ్యి... అదే... పిండి కిందికి పోతాదే, పొట్టు పైన నిల్సిపోతాదే..."

ఆమె జల్లెడ అందించింది. "పేరు పోతే పోనీలే పాపా, పని చెప్తివి గదా" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "ఎన్నాళ్ల నుంచి ఇట్ల ఉండాది?" అంది. ఇంట్లో ఎవరికీ చెప్పనిది ఆమెకు చెప్పాను.

ఎవరైనా పిలిస్తే, ఆగిన చోట బొంతకు సూది గుచ్చి గానీ ఆమె లేచేది కాదు. నాకూ అదే నేర్పింది. "పొయ్యి కాడ నుంచి వాకిట్లోకి పోతే గరిటె చేతిలో పట్టుకోనే పో. దాన్ని చూస్తే పొయ్యి గ్యాపకం వస్తాది." అలాగే గరిటెతో వాకిట్లోకి వెళ్తే కూరగాయలాయన జంకాడు. "ఏమక్కా, కొట్టేకొస్తాండావా?"

"కొడ్తాదప్పా, తూకం సరిగ్గా ఎయ్!" అని గోడ అవతల నుంచి ఆమె గొంతు.

ఆ నవ్వులతో ఎన్నాళ్లో నెట్టుకొచ్చాను. ఒకరోజు మా పిల్ల పేరే నోటికి రాలేదు. ఆ రోజు అన్నాను, "మతి పోగొట్టుకోని బతికి ఏం జేయాల అత్తా? ఈ మాత్ర ఆపేస్తా."

"మతి పోతే నేను చెప్తా. నువ్వే పోతే ఎవరికి చెప్పేది?" అంది. కడపలో డాక్టరు దగ్గరికి తోడు వస్తానంది. ఆ మర్నాటి నుంచి రోజూ పొద్దున గోడ అవతల నుంచి "ఏసుకుంటివా?" అని అడిగేది. ఏసుకున్నా అనేదాన్ని. ఆ శుక్రవారం కూడా ఆమె అడిగినట్టు, నేను అన్నట్టే నాకు గుర్తు. కానీ తెల్లవారుజామున నమాజుకు ఆమె లేవనే లేదట.

మూడో రోజు పొద్దున ఉగ్గాని చేశాను. ఒక గిన్నెలో ఆమెకు విడిగా, మిరపకాయ వేయకుండా, బొరుగులు ఇంకాస్త మెత్తగా నానబెట్టి. ఎప్పటిలాగే వాళ్ల గుమ్మం ముందు నిలబడి "అత్తా" అని పిలిచాను.

"ఆఁ" అని లోపల నుంచి పలికింది.

పెరటి వైపు నుంచి తడి చేతులతో వాళ్ల కోడలు వచ్చి గిన్నె అందుకుంది. చావు జరిగిన ఆ ఇంట్లో మూడు రోజులు పొయ్యి వెలిగించరు, ఇరుగుపొరుగే తెచ్చిపెడతారు. అందుకే తెచ్చాననుకుంది. మూత తీయకపోతే నా పొరపాటు ఆ ఆచారంలో కలిసిపోయేది.

"అక్కా, మిరపకాయల్లేవే. ఇది మా అత్తకు చేసే మాదిరి గదా?"

ఆమె పోయిందని నాకు రెండోసారి తెలిసింది అప్పుడే. మొదటిసారి కన్నా అది ఘోరం.

"లోపల ఎవరుండారు? ఆఁ అని పలికినారే."

"ఎవరూ ల్యారక్కా. అందరూ మసీదు కాడికి పోయినారు." కోడలు గొంతు తగ్గించింది. "నీక్కూడా ఇనపడిందా?"

ఇద్దరం చాలాసేపు లోపలి గది వైపే చూశాం. అక్కడ ఏమీ కదల్లేదు. ఇక దాచే ఓపిక లేక, నా మతిమరుపు సంగతీ, మాత్ర ఆపేద్దామనుకున్న సంగతీ ఆ అమ్మాయికి చెప్పేశాను.

"నీ అంతట నువ్వు ఆపొద్దక్కా. అత్త బదులు నేనొస్తా, పోయి అడుగుదాం."

నెల తిరగకుండానే కడప వెళ్లాం. ఈ మాత్ర వాడేవాళ్లలో కొందరు ఇలాగే చెబుతారని డాక్టరమ్మ అన్నారు. సొంతంగా మాత్రం ఆపొద్దన్నారు. నిద్ర సంగతి, రక్తం సంగతి ముందు చూద్దామని, అవసరమైతే మందు మార్చడం గురించి మాట్లాడదామని చెప్పారు. నాకు జరిగేది వింతేమీ కాదని తెలియడమే సగం బలం. మాత్ర ఆపలేదు.

తిరుగు బస్సులో ముగ్గురు కూర్చునే సీటు దొరికింది. నేను కిటికీ పక్కన, కోడలు ఈ చివరన కూర్చున్నాం. దారిలో సంచితో ఎక్కిన ఒకామె మా దగ్గర ఆగింది.

"ఏమ్మా, ఈడ మనిషుండాదా?"

"ఉండాది" అన్నాం, ఇద్దరం ఒక్కసారే.

ఆమె సంచి తీసుకుని వెనక్కి వెళ్లిపోయింది. మేం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. ఎర్రగుంట్లలో దిగేదాకా ఒదిగే కూర్చున్నాం, మధ్యలో చోటు ఇరుకు కాకుండా.